బడి పిల్లలకు పార్లమెంటు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎనిమిదో తరగతి పిల్లలను అడిగితే లోక్‌సభకు 543 మంది ఎన్నికవుతారని, రాజ్యసభలో 245 స్థానాలున్నాయని, రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిందని గడగడా చెప్పేస్తారు. వీధి దీపం వారం నుంచి వెలగడం లేదు, ఎవరికి చెప్పాలి అంటే మాత్రం నీళ్లు నములుతారు. ఒకరు ఎంపీ అంటారు, ఒకరు ముఖ్యమంత్రి అంటారు, ఎక్కువమంది ‘ప్రభుత్వం’ అనేసి ఊరుకుంటారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మన బడుల్లో పౌరశాస్త్రం పదవుల పట్టికగా మొదలై అర్హతలు, కాలపరిమితి, సభ్యుల సంఖ్య దగ్గర ఆగిపోతుంది. రాష్ట్రపతికి కనీస వయసు 35 ఏళ్లు, రాజ్యసభకు 30, లోక్‌సభకు 25 అని బట్టీపట్టిన పిల్లవాడికి ఆ పదవిలో ఉన్న మనిషి ఏం చేయగలరో, ఏం చేయకూడదో తెలియదు. పరీక్షలయిన నెలకల్లా ఆ అంకెలు కూడా మరపున పడతాయి.

పాఠం నిలవాలంటే నిర్ణయం దగ్గర మొదలుపెట్టాలి. ఏ విషయం తీసుకున్నా మూడు ప్రశ్నలు వేయాలి. దీన్ని ఎవరు నిర్ణయించారు? ఆ అధికారం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? పని జరగకపోతే ఎవరిని, ఏ దారిలో అడగాలి? మూడో తరగతిలో తరగతి గది నియమాల మీద ఇవే ప్రశ్నలు వేయొచ్చు, పదో తరగతిలో కేంద్ర బడ్జెట్ మీద కూడా ఇవే వేయొచ్చు. పదవుల పేర్లు, అధికరణాల నంబర్లు ఆ జవాబులు వెతుకుతున్నప్పుడు వాటంతటవే వస్తాయి, అలా వచ్చినవి గుర్తుంటాయి.

పళ్ళెంలో అన్నం, వెనుక మూడు వ్యవస్థలు

శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థలు మూడూ ఒకే చోట కనిపించే వస్తువు బడి పిల్లల కళ్లెదుటే ఉంది. అది మధ్యాహ్న భోజనం. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో దీన్ని మించిన బోధనోపకరణం దొరకదు.

చాలా రాష్ట్రాలు ఒకప్పుడు ఈ పథకం కింద బియ్యం కొలిచి ఇంటికి పంపేవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దాన్ని మార్చింది. ప్రతి బిడ్డకూ వండిన భోజనమే పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని చెప్పింది. 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టం చేసి ఆ భోజనాన్ని చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఆ చట్టం కింద నియమావళి తెచ్చింది. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాములు అన్నది ఇప్పటి లెక్క. బియ్యం అయితే చిన్నవాళ్లకు 100 గ్రాములు, పెద్దవాళ్లకు 150. బియ్యం కేంద్రం ఇస్తుంది. వంట ఖర్చులో మన రాష్ట్రాలకు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. గుడ్డు మాత్రం రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సొంత డబ్బుతో కలుపుతున్నవి. తొమ్మిది, పది తరగతులకు పెట్టే భోజనమూ రాష్ట్రాల ఖర్చే.

తరగతిలో దీన్ని ఇలా నడపొచ్చు. త్రాసులో 100 గ్రాముల బియ్యం తూచి బల్ల మీద పెట్టాలి. ఐదు అట్టలు రాసి ఐదుగురికి ఇవ్వాలి: సుప్రీంకోర్టు, పార్లమెంటు, కేంద్ర మంత్రిత్వ శాఖ, రాష్ట్ర ప్రభుత్వం, బడి. ఆ బియ్యం బల్ల మీదికి రావడానికి ఎవరెవరు ఏం చేశారో ఒక్కొక్కరూ ఒక్క వాక్యంలో చెప్పాలి. తర్వాత అసలు ప్రశ్న వేయాలి: మీరు మీ పని చేయకపోతే ఏమవుతుంది? పార్లమెంటు అట్ట పట్టుకున్న బిడ్డ చట్టం చేయకపోతే కోర్టు ఉత్తర్వు ఒక్కటే మిగులుతుంది. రాష్ట్రం 40 శాతం ఇవ్వకపోతే బియ్యం ఉన్నా పప్పు ఉండదు. బడిలో వంట జరగకపోతే? దానికీ నియమావళిలో జవాబుంది. భోజనం పెట్టని రోజుకు బిడ్డకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. వరసగా మూడు పనిదినాలు గానీ, నెలలో ఐదు రోజులు గానీ పెట్టకపోతే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. విద్యాహక్కు చట్టం కింద ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలుండాలి. అంటే ఈ గొలుసు చివరి కొసను పిల్లల అమ్మే పట్టుకుని ఉంది. కోర్టు, చట్టం, నియమం, నిధులు, అమలు, జవాబుదారీ అన్నీ ఒక్క పీరియడ్‌లో పూర్తవుతాయి.

భోజన పథకం లేని ప్రైవేటు బడిలో బడి బస్సును తీసుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 1988లో పార్లమెంటు చేసింది. బస్సుకు ఫిట్‌నెస్ ఇచ్చేది రాష్ట్ర రవాణా శాఖ. ట్రాఫిక్ పోలీసు రాష్ట్రం మనిషి. రోడ్డు ఎవరిదో మైలురాయి చెబుతుంది: తల మీద పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. ఈ చివరి సంగతి ఒక్కసారి చెబితే పిల్లలు ఊరికి వెళ్లేటప్పుడల్లా కిటికీలోంచి చూస్తూనే ఉంటారు.

ఏ పని ఎవరిది

ఐదు, ఆరు తరగతులకు దీన్ని ఆటగా చేయడం మేలు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి: కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి. 73, 74వ సవరణల తర్వాత పంచాయతీల కోసం 29 అంశాలతో పదకొండో షెడ్యూలు, పురపాలక సంఘాల కోసం 18 అంశాలతో పన్నెండో షెడ్యూలు వచ్చాయి. గోడ మీద నాలుగు గళ్లు గీయాలి: కేంద్రం, రాష్ట్రం, ఇద్దరూ, పంచాయతీ లేదా మున్సిపాలిటీ. పన్నెండు నుంచి పదిహేను చీటీలు చాలు. రైల్వే గేటు, తపాలా కార్యాలయం, పోలీస్ స్టేషన్, ప్రభుత్వాసుపత్రి, కుళాయి నీళ్లు, వీధి దీపం, కరెంటు సరఫరా, బడి, అడవి, సైన్యం, కరెన్సీ నోటు, మురుగు కాలువ, డ్రైవింగ్ లైసెన్స్.

సులువైనవి ముందు పెట్టకూడదు. రైల్వే, సైన్యం, నోట్లు కేంద్రానివని అందరూ చెప్పేస్తారు, ఆట చప్పబడిపోతుంది. వాదన పుట్టించే చీటీలే పాఠం నేర్పుతాయి. వీధి దీపం పంచాయతీదో మున్సిపాలిటీదో అవుతుంది గానీ అందులోకి వచ్చే కరెంటు డిస్కం అనే పంపిణీ సంస్థదీ, కరెంటు చట్టం ఉమ్మడి జాబితాదీ. డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర శాఖ, నిబంధన కేంద్ర చట్టంలోది. చదువు 1976 దాకా రాష్ట్ర జాబితాలోనే ఉండేది, 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. పిల్లలు చీటీని రెండు గళ్ల మధ్య గీత మీద అతికిస్తామంటే అతికించనివ్వాలి, ఎందుకో చెప్పమనాలి. ఒక్కో చీటీకి ఒక్కటే సరైన జవాబు ఉంటుందని టీచరు పట్టుబడితే, ఉమ్మడి జాబితా ఎందుకు పెట్టారన్నది ఎప్పటికీ బోధపడదు.

ఈ ఆటకు కొనసాగింపుగా ఒక రసీదు చూపించవచ్చు. దానిలో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు గీతలుంటాయి. 100 రూపాయల వస్తువు మీద 18 శాతం పన్ను ఉంటే 9 కేంద్రానికి, 9 రాష్ట్రానికి. పన్ను కట్టేది పెద్ద ఉద్యోగులే అనుకునే పిల్లలకు, చిల్లరతో ఏదో కొనుక్కున్న తామూ పన్ను కట్టామని తెలియడం పెద్ద విషయం. ఆ డబ్బు ఎలా ఖర్చయిందో అడిగే హక్కు తమకూ ఉందని అక్కడే అర్థమవుతుంది.

ప్రధానమంత్రిని ఎవరు ఎన్నుకుంటారు?

జాతీయ ప్రభుత్వం పాఠంలో పిల్లలే కాదు, పెద్దలూ పదేపదే పడే పొరపాటు ఇది. ఎన్నికల ప్రచారం చూసి ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటారని అనుకుంటారు. ఓటరు నొక్కే మీట తన నియోజకవర్గం ఎంపీ కోసం. లోక్‌సభలో మెజారిటీ, అంటే అందరూ ఉంటే 272 మంది మద్దతు, ఎవరికి ఉందో వాళ్లను రాష్ట్రపతి ప్రధానిగా నియమిస్తారు. దీన్ని నిర్వచనంగా చెబితే నిలవదు, రెండు ఘటనలు చెబితే నిలుస్తుంది.

1991 జూన్‌లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కారు. ఏ సభలోనూ లేని వ్యక్తి మంత్రి కావచ్చు, కానీ ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కావాలని 75వ అధికరణం చెబుతుంది. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి ఆయన లోక్‌సభకు వచ్చారు. రెండోది 1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం పెట్టింది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది జీఎంసీ బాలయోగి. ఆయన ఓటు ఎందుకు వేయలేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. రెండు పక్షాలకూ ఓట్లు సమానమైతేనే స్పీకర్ ఓటు వేయాలి, ఇక్కడ తేడా ఒకటి ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించడం అంటే ఏమిటో, స్పీకర్ తటస్థత ఏమిటో రెండూ తెలిసిపోతాయి.

రాజ్యసభను ‘పెద్దల సభ’ అంటాం కాబట్టి అది లోక్‌సభకు పై అధికారి అనుకోవడం ఇంకో పొరపాటు. పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదని చెబితే ఆ భ్రమ పోతుంది. అక్కడి సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారని, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలున్నాయని చెబితే రాష్ట్రాల గొంతు ఢిల్లీలో ఎలా వినిపిస్తుందో తెలుస్తుంది. ప్రభుత్వం, అధికార పార్టీ, దేశం ఈ మూడూ ఒకటే అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శిస్తే దేశాన్ని తిట్టినట్టు కాదని పన్నెండేళ్ల వయసులో అర్థం కాకపోతే తర్వాత అర్థం చేయించడం కష్టం.

మాక్ పార్లమెంటు ఎందుకు తేలిపోతుంది

బడుల్లో యువ పార్లమెంటు పోటీలు కొత్తవి కావు, ఢిల్లీ బడుల్లో 1966-67లోనే మొదలయ్యాయి. అయినా చాలాచోట్ల అది నాటకంగా మిగిలిపోతుంది. టీచరు రాసిచ్చిన సంభాషణలు అప్పజెప్పడం, బాగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు కావడం, మిగతావాళ్లు బల్లలు చరచడం, చివర్లో బిల్లు ఏకగ్రీవంగా నెగ్గడం. ఫలితం ముందే తెలిసిన చోట ఎవరూ ఆలోచించరు.

దీన్ని సరిగా నడపాలంటే నలభై మంది తరగతికి మూడు పీరియడ్లు కావాలి. బిల్లు చిన్నదై ఉండాలి, పిల్లల జీవితానికి తగిలేది కావాలి, మూడు నాలుగు క్లాజులకు మించకూడదు. ఉదాహరణకు ‘తరగతి గ్రంథాలయ బిల్లు’. ఒకటో క్లాజు: ఒక్కో విద్యార్థి ఒకసారికి ఎన్ని పుస్తకాలు తీసుకోవచ్చు. రెండు: ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి. మూడు: ఆలస్యమైతే ఏం చేయాలి. నాలుగు: పుస్తకాల లెక్క ఎవరు చూడాలి.

మొదటి పీరియడ్‌లో బిల్లు ప్రవేశపెట్టి సూత్రప్రాయంగా చర్చ జరగాలి. రెండో పీరియడ్‌లో క్లాజుల వారీగా సవరణలు, ఒక్కో క్లాజు మీద విడిగా ఓటు. మూడో పీరియడ్‌లో మొత్తం బిల్లు మీద ఓటు, తర్వాత రెండో సభ. పది మందిని మొదటి నుంచీ రెండో సభగా వేరే గదిలోనో వరండాలోనో కూర్చోబెట్టాలి. వాళ్లకు చర్చ వినపడకూడదు, బిల్లు ప్రతి మాత్రమే అందాలి. మొదటి సభలో హడావుడిలో ఎవరూ గమనించని లోపం అక్కడ తప్పకుండా బయటపడుతుంది. అనారోగ్యంతో రాని పిల్లవాడి ఆలస్యానికీ జరిమానాయేనా అని ఎవరో అడుగుతారు. రెండు సభలు ఎందుకన్న ప్రశ్నకు అంతకన్నా మంచి సమాధానం ఏ పుస్తకంలోనూ ఉండదు.

ప్రభుత్వ పక్షానికి 17, ప్రతిపక్షానికి 11, ఏ పక్షానికీ చెందని వాళ్లు ఒకరు, స్పీకర్ ఒకరు. పది మంది రెండో సభలో ఉన్నారు కాబట్టి మొత్తం నలభై సరిపోయింది. స్పీకర్‌గా టీచరు కూర్చోకూడదు. టీచరు సెక్రటరీ జనరల్ స్థానంలో పక్కన కూర్చుని, నిబంధన అడిగినప్పుడు మాత్రం చెప్పాలి. స్పీకర్ కోసం ఒక కాగితం మీద నాలుగు నిబంధనలు రాసిస్తే చాలు: ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, మాట్లాడేది స్పీకర్‌ను ఉద్దేశించే, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు లేవకూడదు, అధికార పక్షం నుంచి ఒకరు మాట్లాడితే తర్వాత ప్రతిపక్షం నుంచి ఒకరు. టీవీలో చూసిన గందరగోళాన్ని అనుకరించడం మొదలైతే కేకలేయనక్కర్లేదు, సభను ఐదు నిమిషాలు వాయిదా వేయించాలి. ఆ ఐదు నిమిషాలూ వాళ్ల చర్చా సమయం లోంచే పోతాయి.

ప్రశ్నోత్తరాల సమయానికి ఇరవై నిమిషాలు కేటాయించాలి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలుంటాయి. మంత్రి వాటికి నోటితో జవాబు చెప్పాలి, ఆపై అనుబంధ ప్రశ్నలు వస్తాయి. ప్రశ్న కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. తరగతిలో నాలుగు ప్రశ్నలు, మూడు రోజుల ముందు నోటీసు చాలు. మంత్రిగా ఉన్న బిడ్డ సమాచారం నిజంగా సేకరించుకురావాలి: గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలున్నాయి, ఎన్ని కనిపించడం లేదు. అనుబంధ ప్రశ్నలు మాత్రం ముందు చెప్పకూడదు. ప్రతిపక్షానికీ పుస్తకాల రిజిస్టర్ చూసే అవకాశం ఇవ్వాలి. సమాచారం లేని ప్రతిపక్షం అరవడం తప్ప ఏమీ చేయలేదు, ఆ తర్వాత పిల్లలు ప్రతిపక్షం అంటే అరిచేవాళ్లే అనుకుంటారు.

తొమ్మిది, పది తరగతుల్లో ఇంకో మెట్టు ఎక్కించొచ్చు. నలుగురైదుగురు సభ్యులకు రెండేసి చీటీలివ్వాలి. ఒకదానిలో పార్టీ విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం), రెండోదానిలో నియోజకవర్గం ప్రజల అభిప్రాయం ఉండాలి, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండాలి. వాళ్లు ఓటెటు వేశారో, ఎందుకో తర్వాత చెప్పాలి. 1985లో 52వ సవరణతో వచ్చిన ఫిరాయింపుల నిరోధక నిబంధన, అంటే పదో షెడ్యూలు, ఏ కష్టానికి పరిష్కారంగా వచ్చిందో, ఏ కొత్త కష్టాన్ని తెచ్చిందో వాళ్లే మాట్లాడుకుంటారు.

తరగతి ఎన్నిక: చేతులెత్తించకండి

క్లాస్ లీడర్ ఎన్నిక చాలా బడుల్లో పది నిమిషాల్లో ముగుస్తుంది. టీచరు ఇద్దరి పేర్లు చెబుతారు, పిల్లలు చేతులెత్తుతారు. దీనిలో రెండు తప్పులున్నాయి. అభ్యర్థులను టీచరు వడపోశారు, ఓటు రహస్యం కాలేదు. పక్కనున్న స్నేహితుడు చూస్తుండగా చేయెత్తడం పిల్లలకు ఓటు కాదు, విధేయత పరీక్ష.

సరైన పద్ధతికి వారం పడుతుంది. తరగతి ఓటర్ల జాబితా ముందు గోడ మీద అతికించాలి. పేరు తప్పు పడినా, వదిలేసినా పిల్లలే దరఖాస్తు పెట్టుకోవాలి (ఒకటి రెండు పేర్లు కావాలనే వదిలేస్తే జాబితా చూసుకోవడం అలవాటవుతుంది). నామినేషన్‌కు ఒక ప్రతిపాదకుడు సంతకం చేయాలి. ఉపసంహరణకు ఒక రోజు. ప్రచారం మూడు రోజులు, బహుమతులు పంచకూడదు. అసలు ఎన్నికల్లో పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం ఆగిపోతుంది, ఇక్కడ ఒక రోజు ముందు ఆపితే సరిపోతుంది.

పోలింగ్ రోజు ముగ్గురు పోలింగ్ అధికారులు కావాలి. ఒకరు జాబితాలో పేరు చూస్తారు, రెండో వాళ్లు రిజిస్టర్‌లో సంతకం తీసుకుని ఎడమ చూపుడు వేలికి గుర్తు పెడతారు, మూడో వాళ్లు బ్యాలెట్ ఇస్తారు. అట్టపెట్టెను మూడు వైపులా మూసి నిలబెడితే రహస్య గది సిద్ధమవుతుంది. బ్యాలెట్‌లో చివర నోటా ఉండాలి. ఓటింగ్ మొదలయ్యే ముందు ఖాళీ పెట్టెను అభ్యర్థుల ఏజెంట్లకు తెరిచి చూపించి, వాళ్ల ముందే సీలు వేయాలి. అసలు పోలింగ్ కేంద్రంలో ఈవీఎం మీద కనీసం 50 ఓట్లతో ఏజెంట్ల ముందు మాక్ పోల్ నిర్వహించి, ఆ ఓట్లు చెరిపేసి మొదలుపెట్టేది ఈ నమ్మకం కోసమే.

లెక్కింపులో ముందు చేయాల్సింది ఓట్ల లెక్క కాదు. రిజిస్టర్‌లోని సంతకాలు, పెట్టెలోని బ్యాలెట్లు సమానమా అన్నది తేల్చాలి. ఒక్కటి తేడా వచ్చినా కారణం రాసుకోవాలి. తర్వాతే అభ్యర్థుల వారీ లెక్క. నలభై ఓట్లలో 15, 13, 12 వచ్చాయనుకుందాం. 15 వచ్చినవాళ్లు గెలిచారు, కానీ 25 మంది వాళ్లకు వేయలేదు. మన లోక్‌సభ ఎన్నికలూ ఇదే పద్ధతి. ఇది న్యాయమేనా, ఇంకెలా ఉండొచ్చు అని అక్కడే అడగాలి, ఫలితం వేడి చల్లారక ముందే.

అసలు చిక్కు గెలిచిన తర్వాత వస్తుంది. లీడర్‌కు మాట్లాడిన పిల్లల పేర్లు బోర్డు మీద రాసే పని అప్పజెబితే పాలకుడంటే నిఘా పెట్టేవాడని తరగతి మొత్తం నేర్చుకుంటుంది. నిజమైన అధికారం కొంతైనా ఇవ్వాలి. కూర్చునే వరసల మార్పు, ఆటల పీరియడ్‌లో ఏ ఆట, తరగతి గోడపత్రిక. ఈ మూడింటి మీద నిర్ణయం వాళ్లదే, టీచరు కొట్టేయకూడదు. కొట్టేయాల్సి వస్తుందనుకున్న విషయాన్ని మొదటే జాబితాలో పెట్టకూడదు. నెలకోసారి పది నిమిషాలు తరగతికి లెక్క చెప్పాలి. మూడింట ఒక వంతు మంది సంతకం చేస్తే అవిశ్వాస తీర్మానం పెట్టవచ్చన్న నియమం ఉండాలి.

మంచి పౌరుడు అంటే మాట వినేవాడేనా?

ఉదయం బడి అసెంబ్లీలో దేశమంతా పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ మొదట తెలుగులో పుట్టింది. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో దాన్ని రాశారు. తెలుగు పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. అందులో పెద్దల పట్ల గౌరవం ఉంది, సేవ కూడా ఉంది, సేవ దేశానికే కాదు, ప్రజలకు కూడా. మన బడులు మొదటి మాట మీద ఆగిపోతున్నాయి. వరసలో నిలబడటం, చెత్త ఊడవడం, పెద్దలను గౌరవించడం మంచి అలవాట్లే, పౌరసత్వం మాత్రం అక్కడితో అయిపోదు. స్వచ్ఛత కార్యక్రమంలో పిల్లలు వీధి ఊడ్చాక, ఇక్కడ చెత్తకుండీ ఎందుకు లేదు, పెట్టాల్సింది ఎవరు, పంచాయతీ ఈ ఏడాది దానికి ఎంత కేటాయించింది అని అడిగినప్పుడే ఆ పని పౌరధర్మం అవుతుంది.

ప్రాథమిక విధులు 1976లో 42వ సవరణతో 51ఎ అధికరణంగా వచ్చాయి, అప్పుడు పది. 2002లో 86వ సవరణ పదకొండోది చేర్చింది. ఆ పదకొండోది పిల్లల మీద మోపింది కాదు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకు చదువు అవకాశం కల్పించాల్సిన తల్లిదండ్రుల విధి. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించి తెలుసుకునే తత్వాన్ని పెంచుకోవడం కూడా ఆ విధుల్లో ఒకటి. ప్రశ్న వేసిన బిడ్డను కూర్చోబెట్టే టీచరుకు ఈ వాక్యం చూపించాలి.

హక్కు, విధి ఎదురెదురుగా నిలబడిన కేసు ఒకటి పై తరగతుల్లో తప్పక చర్చించాలి. 1985లో కేరళలో ఒక బడి ముగ్గురు పిల్లలను పంపించేసింది. జాతీయ గీతం వచ్చినప్పుడు వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు, తమ మతవిశ్వాసం వల్ల పాడలేదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ బడిలో చేర్చుకోమంది. పాడి తీరాలని చెప్పే చట్టం లేదని, నిలబడటంలోనే గౌరవం ఉందని చెప్పింది. తీర్పు చెప్పకముందు తరగతిని రెండుగా చేసి వాదించమనాలి. తర్వాత పక్షాలు మార్చి మళ్లీ వాదించమనాలి. అప్పుడు తీర్పు చదవాలి.

అడగడం నేర్పేటప్పుడు ఉత్తరం రాయించడమే మొదటి మెట్టు. ఇక్కడ తరచూ జరిగే తప్పు మురుగు కాలువ గురించి ప్రధానమంత్రికి రాయడం. జవాబు రాదు, అడిగినా లాభం లేదన్న పాఠం మిగులుతుంది. పైన చెప్పిన గళ్ల ఆటలో ఆ పని ఎవరిదో చూసుకుని అక్కడికే రాయాలి. ఒక ఉత్తరంలో ఒకటే కోరిక. ఏ వీధి, ఏ స్తంభం నంబరు, ఎప్పటి నుంచి, ఏం చేయాలి, ఎప్పటిలోగా. ఐదు వాక్యాలు దాటకూడదు. పిల్లల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు రాయకూడదు, బడి చిరునామా చాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద స్వీకరించినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఆ ప్రతిని తరగతి గోడకు అతికించి పక్కన తేదీలు రాస్తూ పోవాలి. రెండు వారాల్లో కదలిక లేకపోతే గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం. గ్రామసభలో ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లంతా సభ్యులే కాబట్టి పిల్లల మాటను అమ్మానాన్నలు అక్కడ లేవనెత్తవచ్చు, పిల్లలు వెనక కూర్చుని చూడవచ్చు.

అప్పటికీ జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు టీచరో తల్లిదండ్రులో పెడితే మంచిది, ప్రశ్నలు మాత్రం పిల్లలవి. ‘దీపం ఎందుకు వేయలేదు?’ అని అడిగితే సమాధానం రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది కార్యాలయంలో రికార్డుగా ఉన్న సమాచారం. ‘ఫలానా తేదీన ఇచ్చిన వినతిపత్రం మీద తీసుకున్న చర్యల నకలు ఇవ్వగలరు’, ‘ఈ ఆర్థిక సంవత్సరంలో వీధి దీపాల మరమ్మతుకు ఖర్చు చేసిన మొత్తం వివరాలు ఇవ్వగలరు’ అని అడగాలి. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు. సమాధానానికి గడువు 30 రోజులు. రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు.

వాదనలు వచ్చే చోట

పార్టీల పేర్లు, రిజర్వేషన్లు, మతం చర్చకు వస్తాయన్న భయంతో చాలామంది టీచర్లు ఈ పాఠాలను చదివించి వదిలేస్తారు. భయం అర్థం చేసుకోదగినదే, కానీ పిల్లలు ఆ మాటలు ఇంట్లో, ఫోన్‌లో ఎలాగూ వింటున్నారు. తరగతిలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంటే చర్చ నడుస్తుంది. టీచరు తన ఓటు ఎవరికో చెప్పకూడదు, పిల్లల ఇంట్లో ఓటు ఎవరికని అడగకూడదు. ఏ బిడ్డనూ తన కులం తరఫునో మతం తరఫునో మాట్లాడమని లేపకూడదు. ఈ ఒక్క తప్పు ఒక బిడ్డ బడి జీవితాన్నే చేదు చేస్తుంది. రిజర్వేషన్ల పాఠం చెప్పేటప్పుడు అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణంతో, అది ఎందుకు రాయాల్సి వచ్చిందన్న చరిత్రతో మొదలుపెట్టాలి. సీట్ల శాతాలతో మొదలుపెడితే చర్చ తరగతిలోని మార్కుల పోటీగా మారిపోతుంది.

ఫోన్‌లో వచ్చే ‘కొత్త చట్టం వచ్చేసింది’ సందేశాలను పరీక్షించడం కూడా ఇక్కడే నేర్పాలి. నాలుగు మెట్లలో అది ఎక్కడుందో చూడమనాలి: ప్రతిపాదనా, బిల్లా, రెండు సభలూ దాటి రాష్ట్రపతి సంతకం అయిందా, అమలు తేదీ నోటిఫై అయిందా. మహిళా రిజర్వేషన్ల 106వ సవరణ మంచి ఉదాహరణ. 2023 సెప్టెంబరులో రెండు సభలూ ఆమోదించాయి, రాష్ట్రపతి సంతకమూ అయింది. కానీ సీట్ల కేటాయింపు జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అని ఆమోదించిన ఆ సవరణలోనే రాసుకున్నారు. చట్టం కావడం, అమలు కావడం రెండు వేర్వేరు సంగతులని ఇంతకన్నా బాగా చెప్పలేం.

మార్కులు వేయాల్సి వస్తే ‘రాజ్యసభ సభ్యుల సంఖ్య ఎంత?’ బదులు ఒక వార్త ముక్క ఇచ్చి అందులో నిర్ణయం తీసుకున్నది ఏ వ్యవస్థ, నచ్చనివాళ్లు ఎక్కడికి వెళ్లవచ్చు అని అడగాలి. సమాధానానికి మూడు వాక్యాలు చాలు. దిద్దడానికి ఎక్కువ సమయం పడుతుంది, నిజమే, కానీ బట్టీ పట్టి రాసిన జవాబు అక్కడ వెంటనే దొరికిపోతుంది.

పదో తరగతి దాటి ఇంటర్‌లోకి వెళ్లేసరికి ఈ చదువు కాగితం మీదికి వస్తుంది. 1988లో 61వ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 ఏళ్లు నిండినవాళ్లు ఫారం-6 ముందుగానే ఇవ్వవచ్చు, 18 నిండాక వచ్చే అర్హత తేదీకి పేరు జాబితాలోకి చేరుతుంది. దరఖాస్తుకు ఫొటో, పుట్టిన తేదీ రుజువు, చిరునామా రుజువు కావాలి. ఆన్‌లైన్‌లో గానీ బూత్ స్థాయి అధికారికి గానీ ఇవ్వవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న ఇంటిపేరు, ఆధార్‌లో ఉన్న ఇంటిపేరు కలవకపోతే దరఖాస్తు ఆగిపోవచ్చు. కాబట్టి ఇంటర్ మొదటి సంవత్సరంలోనే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోమనాలి. దరఖాస్తు ఇచ్చాక వచ్చే రిఫరెన్స్ నంబరు దాచుకుని, ముసాయిదా జాబితా వచ్చినప్పుడు పేరు, తండ్రి లేదా తల్లి పేరు, ఇంటి నంబరు, పోలింగ్ కేంద్రం సరిగా ఉన్నాయో లేదో చూడాలి. తప్పుంటే సవరణకు ఫారం-8.